ఊడాల్సిన కుట్టు

కిందటి వారం మనం వీళ్ళను వదిలేసరికి పాత కార్ల యార్డు ఆఫీసులో, గాజు బల్ల మీద, రెండు తాళాలున్నాయి. ఒకటి నల్ల కారుది, రెండోది బూడిదరంగు కారుది. పన్నెండేళ్ళు ఒకే యజమానికి కారు నడిపి, ఆయన ఫ్యాక్టరీ మూసేసి వెళ్ళిపోయాక నాలుగు నెలలుగా ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్న డ్రైవరు ఆ తాళాల వంక చూపు తిప్పకుండా చూస్తున్నాడు. పక్కన అతని భార్య. కార్ల సీట్లకు కవర్లు కుట్టే షాపు ఆమెది. ఆమె పక్కన, ఎవరూ రమ్మనకపోయినా చేతిసంచి చంకన పెట్టుకుని బయల్దేరిన అత్తగారు.

పెద్ద హోటలువాళ్ళు మాట ఇచ్చారు. అతిథులను విమానాశ్రయానికి తిప్పే పని అతనికే. కాని కారు వాళ్ళ గుమ్మానికి తగ్గట్టుండాలి, ఘాట్ రోడ్డు మీద కూడా ఆయాసపడని ఇంజనుండాలి, ఈ సాయంత్రం నాలుగింటికల్లా వాళ్ళ మేనేజరు ముందు నిలబడాలి. కొత్తది కొనే తాహతు వీళ్ళకు లేదు. ఊరంతా గాలించగా అలాంటివి మిగిలినవి ఈ రెండే.

పొద్దున పదకొండు దాటింది.

"ముందు నల్లది," అన్నాడు డ్రైవరు.

"అన్నా, మీ చెయ్యి పడాలనే అది ఇన్నాళ్ళూ ఆగింది," అన్నాడు యార్డు యజమాని. మాట తీరు వల్ల అతన్ని ఊళ్ళో అందరూ తేనె అంటారు. ఆ సంగతి అతనికీ తెలుసు. విన్నప్పుడల్లా పొగడ్తే అనుకుంటాడు. "ఆరు సిలిండర్లు, రెండు టర్బోలు, నాలుగు చక్రాలకీ బలం. ఒక్క డాక్టరు వాడిన బండి. ఆదివారాలు తప్ప బయటికి తీసేవాడు కాదు."

"మరి డాక్టరు వారమంతా ఆస్పత్రికి నడిచి వెళ్ళేవాడా?" అని అడిగారు అత్తగారు.

తేనె నవ్వేశాడు.

ముగ్గురూ ఎక్కారు. డ్రైవరు సీటు ముందుకూ వెనక్కూ జరుపుకున్నాడు, అద్దాలు మూడూ సర్దుకున్నాడు, రెండు చేతులూ స్టీరింగు మీద వేసి ఒక్క క్షణం ఆగాడు. అతను ఏ కారెక్కినా అంతే. బటన్ నొక్కగానే ఇంజన్ ఒక్కసారి గొంతు సవరించుకుని, ఆ తరవాత ఉందో లేదో తెలియనంత మెత్తగా తిరగడం మొదలుపెట్టింది. ఊరు దాటి బైపాస్ ఎక్కేదాకా యాభై దాటనివ్వలేదు. ఎదర రోడ్డు ఖాళీగా, కనుచూపు మేర తిన్నగా కనబడింది.

"అమ్మా, బెల్టు పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నాలేరా, పోనీ."

పోనిచ్చాడు.

ఎవరో రొమ్ము మీద చెయ్యి వేసి వెనక్కి తోసినట్టయింది కోడలికి. రోడ్డు పక్క చెట్లన్నీ కలిసిపోయి ఒకే పచ్చటి గీతయ్యాయి. వెనక సీట్లోంచి, "ఒరేయ్, నా కళ్ళజోడు!" అని కేక, ఆ వెంటనే ఏదో దొర్లిన చప్పుడు. కోడలు తనకు తెలియకుండానే పైకి నవ్వేసింది. ఉయ్యాల ఎత్తుకు ఊగినప్పుడు చిన్నపిల్లలు నవ్వే నవ్వు అది. అలా నవ్వి ఎన్నేళ్ళయిందో ఆమెకే గుర్తు లేదు.

డ్రైవరు మెల్లగా వేగం తగ్గించాడు.

"అమ్మా? భయపడ్డావా?"

"ఇంకోసారి తొక్కరా," అన్నారు అత్తగారు.

కోడలు భర్త వంక చూసింది. నాలుగు నెలలుగా ఆ మొహంలో లేనిదేదో తిరిగి వచ్చింది. కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి కాని పెదవి చివర చిన్న వంపు. పెళ్ళయిన కొత్తలో, యజమాని కారు తుడిచి తళతళలాడించి, "చూడు, ఇందులో నీ మొహం కనిపిస్తోంది" అని ఆమెను పిలిచిన రోజు ఆ వంపు చూసింది. ఈ కారు కొనేద్దాం అని ఆమె అక్కడే అనేసుకుంది. పైకి మాత్రం అనలేదు. ఏ వస్తువునైనా చేత్తో తడిమి చూడందే మాట ఇచ్చే అలవాటు ఆమెకు లేదు.

యార్డుకు తిరిగొచ్చాక డ్రైవరు కారు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. టైర్ల మీద తేదీలు చదివాడు, చక్రాల సందుల్లోంచి బ్రేకు పళ్ళాలు చూశాడు, సర్వీసు పుస్తకం పేజీ పేజీ తిప్పాడు. అన్నీ బాగానే ఉన్నాయి.

"ఇదే," అన్నాడు భార్యతో, గొంతు తగ్గించి. "రెండోది మాటవరసకి ఒక చుట్టు తిప్పి వస్తాను. చూడకుండా వద్దనడం దానికి మర్యాద కాదు."

"కారుక్కూడా మర్యాదేనా?"

"ఎందుకుండదూ! ఎనిమిది సిలిండర్లు దానికి!" అని తాళం తీసుకుని, తేనె వైపు తిరిగి, "మా అమ్మనీ ఆవిడనీ మీ దగ్గర తాకట్టు పెట్టి వెళ్తున్నా. బండి తెచ్చి విడిపించుకుంటా," అన్నాడు. నాలుగు నెలల్లో అతను వేసిన మొదటి హాస్యం అది.

బూడిదరంగు కారు గేటు దాటింది. దాని చప్పుడు వేరు. వినడానికి కాదు, కాళ్ళ కింద నేలకు తెలిసే చప్పుడు. ఏడేళ్ళ పాతది, లోపల తోలు కాస్త వెలిసింది, పెట్రోలు తాగడంలో దానికి సాటి లేదని తేనే ఒప్పుకున్నాడు. ఇంటి నుంచి బయల్దేరినప్పుడే కోడలు దాన్ని మనసులో పక్కన పెట్టేసింది.

భర్త వచ్చేలోగా తన పని తాను చూసుకుందామని నల్ల కారు తలుపు తీసి డ్రైవరు సీట్లో కూర్చుంది. ఆమె చూసేవి వేరు. మనిషి ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తొడ రాసుకునే సీటు అంచు ఎంత నలిగింది, బెల్టు అంచు నూలు ఎంత లేచింది, బ్రేకు పెడలు రబ్బరు మీద గీతలు ఎంత అరిగాయి. మీటరు నలభై వేల కిలోమీటర్లు అంటోంది. సీటు అంచు చూసింది, బెల్టు లాగి చూసింది, వంగి పెడలు చూసింది. అవీ అంతే అంటున్నాయి. హమ్మయ్య, అనుకుంది. మీటరు తిప్పలేదు.

చెయ్యి అలవాటుగా సీటు వీపు పక్కకు, తలుపు వైపుకు వెళ్ళింది. వేలు ఆగిపోయింది.

అక్కడ తోలు వెనక గాలిసంచి మడిచి పెట్టి ఉంటుంది. పక్కనుంచి ఏ బండైనా వచ్చి గుద్దితే, రెప్పపాటులో కుట్టు చించుకుని బయటికొచ్చి మనిషికీ తలుపుకీ మధ్య నిలబడాలి. అందుకే సీటు మొత్తంలో ఆ ఒక్క కుట్టునీ ఫ్యాక్టరీవాళ్ళు కావాలనే పలచటి దారంతో కుడతారు. ఊడడమే దాని పని.

ఈ కుట్టు పలచటి దారం కాదు. మైనం పట్టించిన లావుపాటి దారం. మిషను మీద కుట్టింది కూడా కాదు. కవరు సీటు మీద ఉండగానే వంకర సూదితో చేత్తో కుట్టింది. కుట్లన్నీ ఒకే కొలతలో, ఒకే వాలులో, బియ్యపు గింజలు పేర్చినట్టున్నాయి. చివర దారాన్ని మూడు చుట్లు చుట్టి, ముడి లోపలికి దాచేశారు.

ఆ మూడు చుట్లను ఆమె వేలితో ఇంకోసారి తడిమింది. ఆ ముడి వేసే చెయ్యి లోకంలో ఒక్కటే ఉంది. అది ఈ క్షణాన ఆఫీసు గుమ్మంలో టీ కప్పు పట్టుకుని, డాక్టరు ఏ రోగాలకు డాక్టరో తేనెను నిలదీస్తోంది.

అత్తగారు ముప్ఫై ఏళ్ళు డేరాల ఫ్యాక్టరీలో పనిచేశారు. గాలివానకు గుడ్డ చిరగొచ్చు గాని కుట్టు ఊడకూడదు, అదీ అక్కడ ఆవిడ నేర్చుకున్న విద్య. కిందటేడు కోడలు మెట్ల మీద జారి, సూది పట్టే చెయ్యి విరిగి, ఆరు వారాలు కట్టుతో పడుకుంటే షాపు మూయనివ్వకుండా నడిపింది ఆవిడే. ఒక్క సీటూ తిరిగి రాలేదు, ఒక్క మాటా పడలేదు. 'ఈ కుట్టు జోలికి పోవద్దు' అని కోడలు పెద్దక్షరాలతో రాసి గోడకు అంటించిన కాగితం ఒకటి షాపులో ఉంది. దాని మీద అత్తగారు ఆ ఏడాది క్యాలెండరు తగిలించారు. ఆ సంగతి కోడలు షాపుకు తిరిగొచ్చాక గాని చూడలేదు. చూసి ఇద్దరూ నవ్వుకున్నారు కూడా.

ఇప్పుడు నవ్వు రాలేదు. గాలిసంచి విచ్చుకుంటే తప్ప ఆ కుట్టు ఊడదు. అంటే ఈ కారును ఎవరో గట్టిగా గుద్దారు. సంచి తిరిగి పెట్టారో, దూది కూరారో తెలియదు. పెట్టినా ఈ దారాన్ని తెంచుకుని బయటికి రావడం దాని తరం కాదు. రేపటి నుంచి రోజూ ఘాట్ రోడ్డు మీద ఈ సీట్లో కూర్చునేది తన మొగుడు.

ఆమె కిందికి దిగింది.

"ఏమండీ, ఒకసారి ఇలా రండి."

తేనె వచ్చాడు. ఆమె చూపించిన చోట వంగి చూశాడు. "ఏముంది మేడమ్? చిన్న చిరుగు. డాక్టరుగారి కుక్క గీరింది. నీటుగా కుట్టించారు."

"ఇందాక డాక్టరు ఆదివారాలు తప్ప బండి తీయలేదన్నారు. కుక్కని ఆదివారం షికారు తిప్పాడా?"

"ఎవరి ఇంటి అలవాట్లు వాళ్ళవి."

"కుక్క గీరితే తోలు చిరుగుతుంది. తోలు మీద గీతైనా లేదు. కుట్టు ఒక్కటే, ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా, బారున విప్పుకుంది. లోపల సంచి పేలితేనే అలా అవుతుంది. ఈ బండికి యాక్సిడెంటయింది."

"అబ్బే, కాగితాల్లో ఎక్కడుంది? చూపించండి."

"కాగితాల్లో లేదనేగా నేను సీటు చూసింది."

తేనె నవ్వు కొంచెం పలచబడింది. "మేడమ్, అది ఫ్యాక్టరీ కుట్టే కావచ్చు కదా! వేరే చెయ్యి పడిందని మీకెలా తెలుసు?"

"తెలుసు."

"అదే, ఎలా అని."

ఆమె ఆఫీసు గుమ్మం వైపు చూసింది. చెబితే చాలు, ఈ మనిషి నోరు మూతపడుతుంది. కాని చెప్పేది ఎవరి మాట? చెయ్యి విరిగిన ఆరు వారాలూ తనకు తల దువ్వి జడ వేసిన మనిషి మాట.

"చూశారా, చెప్పలేకపోతున్నారు," అన్నాడు తేనె, మళ్ళీ తీపి తెచ్చుకుని. "ఊరికే అనుమానాలు పెట్టుకుని అన్న సంతోషం పాడుచెయ్యకండి. ఆయన మొహం చూశారా ఇందాక?"

ఆ మాట ఆమెకు గురి చూసి కొట్టినట్టే తగిలింది.

"ఏమిటి మీ ఇద్దరి గొడవ?" అంటూ అత్తగారు వచ్చి, ఇద్దరినీ చెరో పక్కకు జరిపి, కళ్ళజోడు సర్దుకుని సీటు మీదికి వంగారు. కోడలు అడ్డు పడేలోపే ఆవిడ మొహం వెలిగిపోయింది.

"ఓసి నీ! ఇది నా కుట్టే! చూశావా అమ్మాయీ, ఏడాదైనా ఒక్క పోగు కదల్లేదు. లాగు, ఎంత లాగుతావో లాగు. పళ్ళతో కొరికినా ఊడదు!"

ఆవిడ కోడలి మొహం చూశారు, తేనె మొహం చూశారు.

"ఏం? బాగా లేదా?"

"చాలా బాగుంది అత్తయ్యా," అంది కోడలు. ఆ తరవాత, ఎంత మెల్లగా చెప్పాలో అంత మెల్లగా చెప్పింది. లోపల ఏముంటుందో, ఎందుకు పలచటి దారమో, ఏది ఊడాలో.

అత్తగారు అంతా విన్నారు. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు తగల్లేదు. అది ఆవిడ అలవాటు కాదు. చివరికి చేతిలో టీ కప్పును కారు పైకప్పు మీద పెట్టబోయి, కారు తమది కాదని గుర్తొచ్చి, నేల మీద పెట్టారు.

"అయితే నేను మనిషి ప్రాణానికి అడ్డం కుట్టానన్నమాట."

"మీకు తెలియదు కదా."

"తెలియకపోతే సూది ఎందుకు పట్టాలి?"

"అమ్మగారూ, చూశారా మరి," అందుకున్నాడు తేనె, ఊపిరి తిరిగినవాడిలా. "కుట్టింది మీరే. తప్పు మీ షాపుదే. నన్నంటారేమిటి?"

కోడలు అతని మాట పట్టించుకోలేదు. "అత్తయ్యా, ఆ సీటు ఎవరు తెచ్చారు? కారు కూడా వచ్చిందా?"

"కారెక్కడిది? సీటు ఒక్కటే, ఆటోలో వేసుకొచ్చారు. పొద్దున ఇచ్చి మధ్యాహ్నానికి కావాలన్నాడు." అత్తగారు కళ్ళు చిట్లించారు. జ్ఞాపకం చేసుకుంటున్నారు. కళ్ళు మెల్లగా తేనె చొక్కా జేబు దగ్గర ఆగాయి. యార్డు గుర్తు, రెక్కలున్న చక్రం, ఎర్రదారంతో అక్కడ కుట్టి ఉంది. "వచ్చినవాడి జేబు మీద కూడా ఆ రెక్కల చక్రమే. ఎంబ్రాయిడరీ వదులుగా ఉందిరా అబ్బాయీ, నాలుగు ఉతుకులకు ఊడుతుంది అని కూడా చెప్పాను వాడికి."

తేనె చేతిని జేబు మీదికి తీసుకెళ్ళాడు, పురుగేదో వాలినట్టు.

ఆ సమయంలోనే నేల అదిరింది. గేటులోంచి బూడిదరంగు కారు లోపలికి దూసుకొచ్చి, ముగ్గురి ముందూ వెంట్రుక కూడా కదలనంత మెత్తగా ఆగింది. డ్రైవరు ఇంజన్ ఆపకుండానే దిగాడు. కాళ్ళు నేల మీద నిలవడం లేదు.

"నల్లది వద్దు!" అన్నాడు. "వినండి. ముందు నన్ను చెప్పనివ్వండి. వద్దంటే వద్దు. అది పరుగెత్తుతుంది, నిజమే, కాని పరుగెత్తుతున్నానని అరిచి మరీ చెబుతుంది. ఇది చెప్పదు! నూట నలభైలో అద్దం మీద రూపాయి బిళ్ళ నిలబెట్టొచ్చు. మలుపులో పడవలా ఒరుగుతుందనుకున్నాను, గోడలా నిలబడింది. ఘాట్ మొదటి మూడు మలుపులూ ఎక్కి దిగాను. గేరు మారిన సంగతి నాకే తెలియలేదు! దారిలోనేగా హోటలు, ఆపాను. మేనేజరు వెనక సీట్లో కూర్చుని ఒక చుట్టు తిరిగాడు. దిగి ఏమన్నాడో తెలుసా? నాలుగింటిదాకా ఎందుకు, ఇదే తెచ్చెయ్యి, ఆరింటికి మొదటి అతిథిని ఎక్కించుకో అన్నాడు!"

కోడలికి ఒళ్ళంతా తేలికయిపోయింది. నల్లది వద్దని తను చెప్పక్కర్లేదు, అతనే అనేశాడు. అత్తగారి పేరు బయటికి రానక్కర్లేదు. అతని సంతోషానికి చీమ కుట్టినంత కూడా నొప్పి లేదు. ఆ పెట్రోలు తాగే, వెలిసిన తోలు కారు మీద ఆమెకు ఒక్కసారిగా ప్రేమ పుట్టుకొచ్చింది. "నాకూ అదే నచ్చింది!" అనేసింది, దాన్ని ఇంకా సరిగ్గా చూడకుండానే. ఆమె జీవితంలో చేత్తో తడమకుండా ఇచ్చిన మొదటి మాట అది.

"రాసేద్దాం అన్నా, ఇప్పుడే రాసేద్దాం!" అని తేనె ఆఫీసు వైపు రెండడుగులు వేశాడు.

"ఆగు బాబూ," అన్నారు అత్తగారు.

ఆవిడ బూడిదరంగు కారు దగ్గరికి నడిచారు. డ్రైవరు తలుపు తీశారు. కొడుకు లోపలికి చెయ్యి పెట్టి ఇంజన్ ఆపేవరకూ ఆగి, వంగి సీటు వీపు పక్కకు వేళ్ళు పోనిచ్చారు.

"ఏం చూస్తున్నావమ్మా?"

"పని నేర్చుకుంటున్నాను."

వేళ్ళు పైనుంచి కిందికి వెళ్ళాయి. మళ్ళీ కిందినుంచి పైకి వచ్చాయి. ఆవిడ చాలాసేపు లేవలేదు. లేచి నిలబడినప్పుడు కొడుకు వంక చూడలేదు, తేనె వంక చూడలేదు. కోడలి చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగి, ఆమె వేలిని ఆ కుట్టు మీద పెట్టారు.

లావుపాటి దారమే. మైనం ఎండి అక్కడక్కడ పొట్టు లేచింది. ఏడాది కిందటిది కాదు, మూడు నాలుగేళ్ళ నాటిది. కుట్లు ఒకే కొలతలో లేవు, నేర్చుకుంటున్న చేతివి. చివర మూడు చుట్ల ముడి లేదు. కుట్లన్నీ అత్తగారి కుట్టు వాలే వైపుకు కాక, రెండో వైపుకు వాలి ఉన్నాయి. ఈ ఊళ్ళో ఎడమచేత్తో సూది పట్టి సీట్లు కుట్టేది ఒక్కతే, తనే.

షాపు తెరిచిన కొత్త. గోడ మీద ఆ కాగితం ఇంకా లేని రోజులు. ఏ కారో, ఎవరిదో, ఆమెకు మొహం కూడా గుర్తు లేదు. డబ్బులు తీసుకుని, థాంక్సు చెప్పించుకుని, ఆ రాత్రి హాయిగా నిద్రపోయి ఉంటుంది.

"ఏమిటలా నిలబడిపోయారు? ఏముందక్కడ?" డ్రైవరు నవ్వుతూనే వంగి చూశాడు. చూస్తుండగా నవ్వు పోయింది. సీటు కుట్టే మనిషితో ఇన్నేళ్ళు కాపురం చేసినవాడికి ఆ చోట ఏ దారం ఉండకూడదో ఎవరూ చెప్పక్కర్లేదు. "ఇది... ఇది విప్పి కుట్టిన సీటు. ఎవరు కుట్టారిది?"

తేనె ఇద్దరు ఆడవాళ్ళనీ మార్చి మార్చి చూశాడు.

"నేనే," అన్నారు అత్తగారు.

"నువ్వా?"

"నేనేరా. కిందటేడు. నల్లదానికీ నేనే కుట్టాను, దీనికీ నేనే. ఏం, డేరాలు కుట్టుకునేదానికి గాలిసంచుల సంగతులు తెలుస్తాయా?"

డ్రైవరు తల్లిని చూశాడు, కారును చూశాడు, ఆఫీసు గోడ మీది గడియారాన్ని చూశాడు. అతని గొంతు ఎప్పుడూ పైకి లేవదు. ఇప్పుడూ లేవలేదు. లేచినా బాగుండేది.

"ఇవాళ్టి నుంచి నువ్వు ఆ షాపులో కాలు పెట్టకు అమ్మా. సూది ముట్టుకోకు."

"సరేరా," అన్నారు అత్తగారు.

అతను భార్య వైపు తిరిగాడు. "నీకు తెలుసా ఈ సంగతి? నా మొహం చూసి చెప్పు. ఇది మా అమ్మ కుట్టేనా?"

కోడలు నోరు తెరిచింది. అత్తగారి వేళ్ళు, ముప్ఫై ఏళ్ళు డేరాల గుడ్డ లాగి లాగి గట్టిపడిన వేళ్ళు, ఆమె ఎడమ మణికట్టు చుట్టూ బిగుసుకున్నాయి.